స్టోర్‌లో ఇరుక్కుపోయిన హవల్దారు నాయబ్ సుబేదారు కావాలంటే

ప్రశ్న: సాబ్, జైహింద్. నేను ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌లో హవల్దారుని. వయసు 36, సర్వీసు 17 ఏళ్ళు. హవల్దారునై మూడేళ్ళు అయింది. ఐదేళ్ళుగా యూనిట్ సామాను చూసే క్వార్టర్ మాస్టర్ స్టోర్‌లోనే ఉన్నాను. పని బాగా చేస్తానని పేరుంది. కోర్సుకి పేరు పంపమని అడిగితే మాత్రం 'నువ్వెళ్తే స్టోర్ ఎవరు చూస్తారు' అంటారు. నాతో భర్తీ అయిన ఇద్దరు పెన్షన్‌తో ఇంటికొచ్చేసి బ్యాంకు ఉద్యోగాల్లో చేరారు. ఇంకొకడు ప్రమోషన్ కేడర్ కోర్సు పాసై, పై ర్యాంకు నాయబ్ సుబేదారు కాబోతున్నాడు. నాకు ఏడాదిగా నడుం నొప్పి. మెడికల్ కేటగిరీ పడిపోతుందేమోనని ఎంఐ రూమ్‌కి (యూనిట్ వైద్యశాలకి) వెళ్ళలేదు. బాబు ఎనిమిదో తరగతి. ఇంట్లో వచ్చేయమని పోరు పెడుతున్నారు. నేను ఇంటర్ చదివాను. ఉండమంటారా, వచ్చేయమంటారా?
- ఒక హవల్దారు

జవాబు: తమ్ముడూ, జైహింద్.

ఉండాలా వచ్చేయాలా అన్న సంగతి కాసేపు పక్కన పెడదాం. ముందు ఆ ఇద్దరు బ్యాచ్‌మేట్ల గురించి మాట్లాడాలి. నీ టెన్షన్‌లో సగం వాళ్ళ వల్లే వచ్చినట్టుంది.

వాళ్ళు ఏ ర్యాంకులో వచ్చేశారో నువ్వు రాయలేదు. 17 ఏళ్ళకి వచ్చారంటే సిపాయిలుగానే వచ్చుంటారు. సిపాయికి టర్మ్, అంటే సర్వీసు గడువు, 17 ఏళ్ళు, పొడిగిస్తే 19. అంటే వాళ్ళు వచ్చేయలేదు, వాళ్ళ టైమ్ అయిపోయింది. నీ సంగతి అలా కాదు. హవల్దారు టర్మ్ 24 ఏళ్ళు, స్క్రీనింగ్‌లో నెగ్గితే మరో 2. ఇప్పుడు నువ్వు బయటికి రావాలంటే సొంత కోరిక మీద డిశ్చార్జ్ అడగాలి. ఆర్మీ దృష్టిలో ఈ రెండు రకాల డిశ్చార్జ్‌లూ ఒకటి కావు.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఒన్ ర్యాంక్ ఒన్ పెన్షన్ (ఓఆర్‌ఓపీ) దగ్గర. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్ళకి ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్ అన్న పద్ధతి అది. 15 ఏళ్ళు దాటాయి కాబట్టి సర్వీస్ పెన్షన్ నీకు ఎలాగూ వస్తుంది. కానీ ఓఆర్‌ఓపీ మీద రక్షణ శాఖ 2015 నవంబరు 7న ఇచ్చిన ఉత్తర్వులో ఒక షరతు ఉంది. ఆ తర్వాత సొంత కోరిక మీద డిశ్చార్జ్ తీసుకునేవాళ్ళకి ఓఆర్‌ఓపీ వర్తించదు. ఈ షరతు మీద ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రైబ్యునల్‌లో కేసులు నడిచాయి. కేసుల్లో నడుస్తున్న విషయం మీద ఇంటి బడ్జెట్ వేసుకోకూడదు. టర్మ్ పూర్తి చేసిన నీ స్నేహితుడి పెన్షన్ ఐదేళ్ళకోసారి సవరిస్తారు. నువ్వు ఈ ఏడాది వచ్చేస్తే ఆ సవరణ నీదాకా వస్తుందన్న భరోసా లేదు. ఇంట్లో కూర్చోబెట్టి ముందు ఈ ఒక్క విషయం చెప్పు. 'వాళ్ళు వచ్చారుగా, నువ్వెందుకు రాకూడదు' అన్న మాటకి జవాబు ఇందులోనే ఉంది.

రెండో భయం వయసు. ఇప్పుడు రాకపోతే బ్యాంకు ఉద్యోగం చేజారుతుందని అనుకుంటున్నావు. అదీ నిజం కాదు. బ్యాంకు క్లర్కు, గ్రూప్ సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకి అసలు వయసులోంచి సర్వీసు కాలం, దానిపైన మరో 3 ఏళ్ళు తీసేసి లెక్క చూస్తారు. 24 ఏళ్ళ సర్వీసుతో బయటికి వచ్చేనాటికి నీకు 43. అందులోంచి 27 పోతే 16. ఈ ఉద్యోగాలకి వయసు అడ్డం రాదు. బ్యాంకు క్లర్కు పరీక్షలో మాత్రం అసలు వయసు 50 దాటకూడదన్న పరిమితి ఉంది, అది గుర్తుంచుకో. కేంద్ర ప్రభుత్వ శాఖల గ్రూప్ సి ఉద్యోగాల్లో మనవాళ్ళకి 10 శాతం, ప్రభుత్వ రంగ సంస్థల్లో, బ్యాంకుల్లో 14.5 శాతం కోటా ఉంది. అందులో 4.5 శాతం డ్యూటీలో వికలాంగులైన వాళ్ళకి, అమరుల కుటుంబాలకి. ఈ కోటా ఈ ఏడాదికీ ఉంటుంది, ఏడేళ్ళ తర్వాతా ఉంటుంది.

ఇక జీతం. నాయబ్ సుబేదారు కాకపోతే జీతం ఇక్కడే ఆగిపోతుందని చాలామంది హవల్దార్లు అనుకుంటారు. ఎంఏసీపీ ఉంది కదా, ప్రమోషన్ రాకపోయినా సర్వీసుని బట్టి జీతం పెంచే పద్ధతి. 8, 16, 24 ఏళ్ళకి, లేదా ఒకే గ్రేడ్‌లో 8 ఏళ్ళు గడిస్తే పై జీతం లెవెల్ వస్తుంది. 14 ఏళ్ళ సర్వీసులో నువ్వు హవల్దారువయ్యావు. ర్యాంకు రాకపోయినా 22 ఏళ్ళ సర్వీసు నాటికి లెవెల్ 5 నుంచి లెవెల్ 6కి వెళ్తావు. ఏడో వేతన సంఘం లెక్కల్లో లెవెల్ 5 మొదలు 29,200, లెవెల్ 6 మొదలు 35,400. మిలిటరీ సర్వీస్ పే 5,200 ఇద్దరికీ ఒకటే.

మరి ర్యాంకు ఇచ్చేదేమిటి? ఏళ్ళు. నాయబ్ సుబేదారుకి టర్మ్ 26 ఏళ్ళు, పొడిగిస్తే 28. సుబేదారుకి 28, పొడిగిస్తే 30. సుబేదారు దాకా వెళ్తే లెవెల్ 7, మొదలు 44,900. పెన్షన్ ఆఖరి జీతంలో సగం కాబట్టి ఆ తేడా నువ్వున్నంత కాలం నీతోనే ఉంటుంది, తర్వాత ఫ్యామిలీ పెన్షన్‌లో కూడా. డబ్బు సంగతి అలా ఉంచితే, భుజం మీద ఆ స్టార్ విలువ ఎంతో నీకు నేను చెప్పక్కర్లేదు.

అయితే ఒక మెలిక ఉంది. సుబేదారుగా 30 ఏళ్ళు నిండేసరికి నీకు 49. అప్పుడు బ్యాంకు పరీక్ష దాదాపు కుదరదు. నాయబ్ సుబేదారుగా 26 ఏళ్ళకి వస్తే 45, చాలినంత టైమ్ ఉంటుంది. హవల్దారుగా 24కి వస్తే 43. కాబట్టి తేల్చుకోవాల్సిన రోజు ఇవాళ కాదు, 22 ఏళ్ళ సర్వీసు దగ్గర వస్తుంది. చూడు, బాబు ఇంటర్ అయిపోయేది దాదాపు అప్పుడే. ఎంఏసీపీ వచ్చేదీ అప్పుడే. నాయబ్ సుబేదారు అవుతావో లేదో కూడా ఆలోపు తేలిపోతుంది.

ఇప్పుడు స్టోర్ దగ్గరికి వద్దాం. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు పుట్టించిన మాట అదే.

'నువ్వెళ్తే స్టోర్ ఎవరు చూస్తారు' అన్నది విన్నవాడికి పొగడ్తలా ఉంటుంది. అన్నవాళ్ళు నిజంగా మెచ్చుకునే అంటారు. కానీ నాయబ్ సుబేదారు ప్రమోషన్ బోర్డు నీ స్టోర్‌ని చూడదు, నీ కాగితాలు చూస్తుంది. చివరి ఐదు ఏసీఆర్‌లు (నీ పని మీద ఏటా రాసే రిపోర్టులు) తీస్తారు. వాటిలో ఎబౌ యావరేజ్ ఎన్ని, హవల్దారు ర్యాంకులో వచ్చినవి ఎన్ని, రెజిమెంటల్ డ్యూటీలోనో ఇన్‌స్ట్రక్టర్‌గానో సంపాదించినవి ఎన్ని, ఇవన్నీ చూస్తారు. కేడర్ పాసయ్యావా, ఎడ్యుకేషన్ సర్టిఫికెట్, మ్యాప్ రీడింగ్ ఉన్నాయా, మెడికల్ కేటగిరీ ఏమిటి, రెడ్ ఇంక్ ఎంట్రీలు (శిక్షల నమోదులు) ఉన్నాయా అని చూస్తారు. లెడ్జర్‌లో ఒక్క దుప్పటి కూడా తేడా రాకుండా ఐదేళ్ళు నడిపావన్న సంగతికి ఆ కాగితాల్లో చోటు చాలా తక్కువ. పైగా ప్లటూన్‌ని నడపడం రావాలి నాయబ్ సుబేదారుకి. ఐదేళ్ళుగా ప్లటూన్ మొహం చూడని హవల్దారుకి అది వస్తుందని ఏ కమాండింగ్ ఆఫీసర్ రాస్తాడు?

అందుకని మొదటి పని ప్రమోషన్ అడగడం కాదు, స్టోర్‌లోంచి బయటపడటం. అదీ అలిగి కాదు, పద్ధతిగా. నీ దగ్గర పనిచేసే కుర్రాళ్ళలో చేతిరాత బాగుండి, లెక్క తప్పని నాయక్ ఒకడు ఉండే ఉంటాడు. రేపటి నుంచి లెడ్జర్ వాడిచేత రాయించు, నువ్వు పక్కన కూర్చో. ఇష్యూ వోచర్, రిసీట్ వోచర్ వాడే తయారు చేయాలి. పాడైన సామాను తీసేసే కండెమ్నేషన్ బోర్డుకి సామాను వాడే సర్దాలి. ఈసారి స్టాక్ టేకింగ్ అంతా వాడిచేత చేయించి, నువ్వు చివర్లో చెక్ చేస్తే చాలు. ఆడిట్ నీట్‌గా అయిపోయిన వారంలో అఫ్సర్‌తో ఇంటర్వ్యూ అడుగు. ఆడిట్ ముందు మాత్రం అడగకు. ఆ టైమ్‌లో ఏ క్వార్టర్ మాస్టరూ వినడు.

ఇంటర్వ్యూకి దారి నీకు తెలుసు. ముందు నీ జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) సాబ్, తర్వాత సీనియర్ జేసీవో, అప్పుడు అఫ్సర్. నేరుగా వెళ్ళావన్న మాట పడితే పని చెడుతుంది. సుబేదార్ మేజర్ సాబ్‌ని ముందే ఒకసారి కలువు, ఆయన చెవిన పడని ప్రమోషన్ పలటన్‌లో (బెటాలియన్‌లో) ఉండదు. లోపలికి వెళ్ళాక 'ఐదేళ్ళు చేశాను, నాకు అన్యాయం జరిగింది' అనకు. 'సాబ్, స్టోర్ చూసుకోవడానికి ఫలానా నాయక్ తయారయ్యాడు. ఈసారి స్టాక్ టేకింగ్ అతనే చేశాడు. నాకు ప్లటూన్ హవల్దారుగా రైఫిల్ కంపెనీలో అవకాశం ఇప్పించండి, వచ్చే కేడర్‌కి నా పేరు పంపండి' అను. అంతే. అడిగింది రెండే, చేతిలో జవాబు సిద్ధంగా ఉంది. వద్దనడానికి ఆయనకి కారణం దొరకదు. అప్పటికీ వద్దంటే ఎప్పుడు పంపగలరో ఒక నెల చెప్పమని మర్యాదగా అడుగు. ఆ నెల రాగానే మళ్ళీ ఇంటర్వ్యూకి వెళ్ళు.

సీక్యూఎంహెచ్ (కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దారు) పదవి ఇస్తాం, ఉండిపో అంటారేమో. కంపెనీలో అది మంచి పదవే, కాదనను. కానీ నీలాంటి వాడికి అది స్టోర్‌లోనే ఇంకో గది. సీహెచ్‌ఎం (కంపెనీ హవల్దార్ మేజర్) అంటే వెంటనే ఒప్పుకో. కంపెనీ ఫాల్‌ఇన్, డిసిప్లిన్, డ్యూటీ రోస్టర్ అన్నీ చేతిలో ఉంటాయి, కంపెనీ కమాండర్ రోజూ చూస్తాడు. రాష్ట్రీయ రైఫిల్స్ టెన్యూర్ వచ్చినా వదలకు. ఇంటికి దగ్గరని ఎన్‌సీసీ పోస్టింగ్ ఇప్పుడే అడగొద్దు. కేడర్, రెజిమెంటల్ రిపోర్టులు చేతికి వచ్చాక అడుగు.

ఇంకో మాట. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చాక సెక్షన్‌లో కుర్రాళ్ళు మారిపోయారు. నాలుగేళ్ళ తర్వాత వాళ్ళలో 25 శాతం దాకానే రెగ్యులర్‌గా తీసుకుంటారు. వాళ్ళకి నేర్పే హవల్దారు, వాళ్ళని గమనించి పైకి చెప్పే హవల్దారు ఇప్పుడు ప్రతి కంపెనీకీ కావాలి. కంపెనీలో నీకు అదే సరైన చోటు.

కేడర్ గురించి చిన్న హెచ్చరిక. ఫైరింగ్, బీపీఈటీ (శారీరక దారుఢ్య పరీక్ష), డ్రిల్ ఇవన్నీ ఒంట్లో ఉన్నవే, నెల ప్రాక్టీస్‌తో తిరిగొస్తాయి. మనవాళ్ళు తడబడేది లెసన్ తీసుకునేటప్పుడు. హిందీ మాట్లాడతాం, అర్థమవుతుంది, కానీ ముప్పై మంది ముందు నిలబడి 'ఉద్దేశ్య్' నుంచి 'సంక్షేప్' దాకా ఆగకుండా చెప్పమంటే గొంతు ఎండిపోతుంది. రోజూ సాయంత్రం ఒక లెసన్ ఎవరో ఒకరికి చెప్పు. అగ్నివీరులు ఉన్నారుగా, వాళ్ళకే చెప్పు. మ్యాప్ రీడింగ్‌లో ఐదేళ్ళ తుప్పు పట్టి ఉంటుంది. గ్రిడ్ రిఫరెన్స్, బేరింగ్ మార్చడం, రిసెక్షన్, ఈ మూడూ మళ్ళీ మొదటి నుంచి చేయి.

కమిషన్, అంటే అఫ్సర్ అయ్యే సంగతి, నువ్వు అడగలేదు గానీ చెప్పేస్తాను. ఏసీసీకి (ఆర్మీ కేడెట్ కాలేజీకి) వయసు 27తో పోయింది. స్పెషల్ కమిషన్డ్ ఆఫీసర్‌కి 35, అదీ పోయింది. పర్మనెంట్ కమిషన్ స్పెషల్ లిస్ట్‌కి 42 దాకా వీలుంది, 10 ఏళ్ళ సర్వీసు చాలు. ఎస్‌ఎస్‌బీ (అఫ్సర్లని ఎంపిక చేసే బోర్డు) అంటే ఉత్సాహం ఉంటే ప్రయత్నించు. లేకపోతే దాని మీద టైమ్ పెట్టకు.

ఇక నడుం. ఇక్కడ నిన్ను కాస్త కోప్పడక తప్పదు. కేటగిరీ పడుతుందని దాచుకున్న నొప్పి రెండు వైపులా దెబ్బ కొడుతుంది. కేడర్‌లో స్పీడ్ మార్చ్ మధ్యలో నడుం పట్టేస్తే కేడరూ పోతుంది, కేటగిరీ కూడా అప్పుడే పడుతుంది. ఇంకో వైపు, రేపు అది ముదిరి నిజంగానే పనికి అడ్డం వస్తే, డిసబిలిటీ పెన్షన్ అడిగేటప్పుడు మెడికల్ బోర్డు ముందు చూసేది పాత కాగితాలే. సర్వీసు వల్ల వచ్చిందో, సర్వీసు వల్ల పెరిగిందో తేల్చాలంటే ఎంఐ రూమ్‌లో ఎంట్రీ ఉండాలి. అది లేకుండా 'ఏడాదిగా నొప్పి సాబ్' అంటే ఎవరు నమ్ముతారు?

రేపే ఆర్‌ఎంవో (యూనిట్ డాక్టరు) దగ్గరికి వెళ్ళు. మొదట మందులు, ఫిజియోథెరపీ, కొన్నాళ్ళు ఎక్స్‌క్యూజ్ డ్యూటీ ఇస్తారు. చాలా నడుం నొప్పులు అక్కడే తగ్గుతాయి. ఒకవేళ కేటగిరీ పడినా ముందు టెంపరరీగానే, 24 వారాలకి మళ్ళీ చూస్తారు. అందుకే ఇది ఇప్పుడే కావాలి. కేడర్‌కి పేరు వెళ్ళిన నెలలో కేటగిరీలో ఉంటే బాధ. ఏడాది ముందు పడి, ఆర్నెల్లలో షేప్ ఒన్‌కి (పూర్తి ఫిట్ కేటగిరీకి) తిరిగొస్తే ఏ బాధా లేదు. పర్మనెంట్ కేటగిరీ పడినా ప్రతి కేసులోనూ ప్రమోషన్ తలుపు మూసుకుపోదు, కారణమూ స్థాయీ చూస్తారు.

ఇల్లు, చదువు త్వరగా చెప్పేస్తాను. బాబుని ఎనిమిది నుంచి ఇంటర్ దాకా ఒకే ఊళ్ళో ఉంచండి, నీ పోస్టింగ్‌లతో తిప్పకండి. ఇంట్లోవాళ్ళకి కావాల్సింది నువ్వు రేపే రావడం కాదు, ఎప్పుడొస్తావో ఒక ఏడాది చెప్పడం. 'బాబు ఇంటర్ అయ్యాక రెండేళ్ళకి హవల్దారుగా వస్తాను, నాయబ్ సుబేదారు అయితే ఇంకో రెండేళ్ళు' అని చెప్పు. ఏడాది తెలిస్తే పోరు సగం తగ్గుతుంది.

పదో తరగతి చదివి 15 ఏళ్ళ సర్వీసు, స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఉన్న మాజీ సైనికుడిని గ్రూప్ సి ఉద్యోగాలకి డిగ్రీ ఉన్నవాడిగానే లెక్కేస్తారు. కాబట్టి క్లర్కు పరీక్షకి నీకు డిగ్రీ తప్పనిసరి కాదు. కానీ అసలు డిగ్రీయే అడిగే ఉద్యోగాలూ ఉన్నాయి. ఇగ్నోలోనో, హైదరాబాద్ అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో ఇప్పుడు చేరితే 22 ఏళ్ళ సర్వీసు నాటికి తీరిగ్గా అయిపోతుంది. రిటైర్మెంట్‌కి ఏడాది ముందు నుంచి సివిల్ ఉద్యోగాలకి దరఖాస్తు చేయొచ్చు. బయటి ఉద్యోగాలకి తయారు చేసే డీజీఆర్ రీసెటిల్‌మెంట్ కోర్సులు కూడా ఆ చివరి కాలంలోవే. ఇప్పుడే బ్యాంకు పుస్తకాలు కొని పెట్టెలో దాచకు, సిలబస్ మారిపోతుంది.

ఈ నెల చేయాల్సిన చిన్న పని ఒకటుంది. కంపెనీ క్లర్కుని పట్టుకుని నీ షీట్ రోల్ (సర్వీసు రికార్డు) చూడు. భార్య పేరు, బాబు పుట్టిన తేదీ, పాసైన ప్రతి పరీక్ష, చేసిన ప్రతి కోర్సు, రికార్డులోకి ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్‌లో పబ్లిష్ అయ్యాయో లేదో ఒక్కొక్కటే సరిచూసుకో. ఆధార్‌లో ఒక పేరు, షీట్ రోల్‌లో ఇంకో స్పెల్లింగ్ ఉంటే ఇప్పుడే సరిచేయించు. పాసైన మ్యాప్ రీడింగ్ పబ్లిష్ కాక బోర్డులో వెనకబడ్డవాళ్ళు ప్రతి పలటన్‌లోనూ దొరుకుతారు.

చివరగా, ఇంట్లో పోరు పడలేక ఏదో ఒక రోజు 'ప్రమోషన్ వద్దు' అని అన్‌విల్లింగ్ సర్టిఫికెట్ రాసివ్వాలనిపిస్తుంది. ఎవడో ఒక క్లర్కు 'ఇచ్చేయ్, గోల వదిలిపోతుంది' అంటాడు కూడా. ప్రమోషన్ వద్దన్నవాడికి ఎంఏసీపీ కూడా పోతుంది. నేను పైన చెప్పిన 22 ఏళ్ళ నాటి లెవెల్ 6 అలా చేజారుతుంది, పెన్షన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. సొంత కోరిక మీద డిశ్చార్జ్ కాగితమూ అంతే. ఈ రెండిటిలో దేని మీద సంతకం పెట్టాలన్నా, నా కేసులో పెన్షన్ ఎంత, ఓఆర్‌ఓపీ ఉంటుందా, ఎంఏసీపీ ఏమవుతుంది అని యూనిట్ ద్వారా రికార్డ్స్ ఆఫీసుకి రాసి అడుగు. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా పెన్ను తీయకు.